మానేవాడికి తోడు

లిఫ్టు మెకానిక్ సిగరెట్‌ను పెదాల మధ్య పెట్టుకుని ఫోన్ చేశాడు.

"ఎక్కడున్నావు?" అన్నాడు పెద్దాయన.

"మేడ మీద, మోటారు గదిలో."

"వెలిగించావా?"

"ఇంకా లేదు బాబాయ్ గారూ. అగ్గిపెట్టె చేతిలో ఉంది."

"సరే. ఎక్కడ లాగుతోందో చెప్పు. గొంతులోనా, గుండెల్లోనా?"

మెకానిక్‌కి విసుగొచ్చింది. ఫోన్ చేసినప్పుడల్లా ఇవే ప్రశ్నలు. "మీకు తెలియనిదా?" అన్నాడు.

"ఒక్కొక్కరిదీ ఒక్కో రకం కదా నాయనా. నీది చెప్పు."

చెప్పాడు. దవడల దగ్గర మొదలవుతుందనీ, తర్వాత అరచేతుల్లోకి దిగుతుందనీ, ఆపైన తను ఏ పని మీద వచ్చాడో కూడా గుర్తుండదనీ చెప్పాడు. పెద్దాయన మధ్యలో ఆపి, అరచేతుల్లో అంటే చెమటా, తిమ్మిరా అని అడిగాడు. చెప్పడం అయ్యేసరికి సిగరెట్ నోటి తడికి మెత్తబడిపోయింది. దాన్ని నలిపి పారేసి, బ్రేకు సరిచేయడానికి వంగాడు మెకానిక్. గెలిచానన్న సంతోషమేమీ కలగలేదు. ఈ మధ్య అతనికి ఏదీ కలగడం లేదు.

మందు మానేసి చాలా కాలమైంది. మానాక సిగరెట్లు రెట్టింపయ్యాయి. "ఆ పీడ వదిలింది, అదే పదివేలు. దీని సంగతి నిదానంగా చూద్దురు గానీ" అంది భార్య. కానీ ఒక చేతిలో సిగరెట్ వెలిగితే రెండో చెయ్యి ఊరికే ఉండేది కాదు. గ్లాసు కోసం తడుముకునేది. అది మళ్ళీ మొదలైతే భార్య ఇంట్లో ఉండదు. ఆ మాట ఆమె ఎప్పుడో బట్టలు మడతపెడుతూ, కోపమేమీ లేకుండా చెప్పింది. అందుకే అతను నమ్మాడు.

మందు మానినవాళ్ళు సిగరెట్ కూడా మానడానికి ఒకరికొకరు తోడుండే బృందం ఒకటుందని ఆస్పత్రి నర్సు చెప్పింది. కుట్టుమిషన్ల దుకాణం పైనున్న గదిలో ఆదివారాలు కలుస్తారు. ఎవరి గోడు వాళ్ళు చెప్పుకోవచ్చు, చెప్పకపోతే అడగరు. దాన్ని నడిపే టీచరమ్మ ఇద్దరిద్దరిని జోడీ కడుతుంది. అతనికి పెద్దాయన దొరికాడు.

పెద్దాయన తన కథ ఎప్పుడూ విప్పలేదు. వంతు వస్తే "ఇవాళ వింటాను" అనేవాడు.

"అంత గుంభనంగా ఉన్నాడంటే మనందరికన్నా లోతుకి వెళ్ళొచ్చిన మనిషే" అన్నాడు పక్కనున్న కండక్టర్. మెకానిక్‌కీ అలాగే అనిపించింది.

ఒకసారి మెట్లు దిగుతూ పెద్దాయన అడిగాడు. "ఇంట్లోవాళ్ళు తిడితే కష్టంగా ఉంటుందా, మాట్లాడ్డం మానేస్తేనా?"

"తిట్టడమే నయం. మాట్లాడకపోతే ఇంక మానడం ఎవరికోసం అనిపిస్తుంది."

పెద్దాయన "ఊ" అని, మిగతా మెట్లు రెయిలింగ్ పట్టుకుని దిగాడు.

తర్వాత కొన్నాళ్ళకి మెకానిక్ కళ్ళ ముందే తోటి పనివాడు లిఫ్టు గుంతలో పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ కాలు నుజ్జయింది. అంబులెన్స్ వెళ్ళిపోయాక మెకానిక్ ఎవరినో అడిగి సిగరెట్ కాల్చేశాడు. కాళ్ళు వాటంతటవే బార్ ముందుకి తీసుకెళ్ళాయి. అక్కణ్ణుంచి ఫోన్ చేస్తే పెద్దాయన "కదలకు" అని మాత్రం అన్నాడు. రొప్పుతూ వచ్చాడు. కాళ్ళకి రెండు చెప్పులూ రెండు రకాలు.

ఇద్దరూ బార్ ఎదురుగా ఉన్న దుకాణం మెట్ల మీద కూర్చున్నారు.

"లోపలికెళ్ళే ముందు ఇంట్లోవాళ్ళు గుర్తొస్తారా?" అడిగాడు పెద్దాయన.

"రారు."

"ఒక్కరు కూడా?"

"ఎవరూ రారు బాబాయ్ గారూ. వాళ్ళ మీద ప్రేమ లేక కాదు. ఆ కాసేపు లోకంలో ఎవరూ ఉండరు. ఆ తలుపొక్కటే ఉంటుంది."

పెద్దాయన బార్ తలుపు వైపు చూశాడు.

"ప్రేమ లేక కాదు" అన్నాడు.

"కాదు."

"నిజమే చెబుతున్నావా?"

"మీ దగ్గర అబద్ధమెందుకు?"

పెద్దాయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. మళ్ళీ పెట్టుకోవడం మరిచిపోయి, దాన్ని చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. చీకటి పడుతుండగా ఇద్దరూ లేచి, బస్టాపు దాకా నడిచారు.

ఆ తర్వాత మెకానిక్ సిగరెట్ ముట్టలేదు. పెద్ద తేడా ఏమీ తెలియలేదు. ఒకరోజు మాత్రం భార్య అతని చొక్కా ఉతకడానికి తీసి, వాసన చూసి, ఏమీ అనకుండా బకెట్లో వేసింది. లోపల ఎక్కడో కాస్త కదిలినట్టయింది అతనికి. అది పెద్దాయనకి చెబుదామని వెళ్తే ఆయన మీటింగుకి రాలేదు. పై వారమూ రాలేదు. ఫోన్ ఎత్తడం లేదు. ముసలాయన మళ్ళీ మొదలుపెట్టాడేమోనని గుబులు పుట్టింది. టీచరమ్మనడిగి ఇల్లు పట్టుకున్నాడు.

ముప్పై దాటిన ఒకావిడ తలుపు తీసింది. "మామయ్య గారికి కంటి ఆపరేషన్ అయిందండీ. ఇప్పుడే చుక్కలు వేశాను, పడుకున్నారు."

"లేపకండి. నేను ఆయన జోడీని. సిగరెట్లు మానేవాళ్ళ మీటింగులో."

కుర్చీ జరపబోతున్న ఆమె చెయ్యి ఆగింది. "ఆదివారాలు వెళ్ళేది అక్కడికా? పార్కుకని చెబుతారు మాకు."

"ఆయన వల్లే బయటపడ్డానమ్మా. మందూ సిగరెట్టూ రెండూ వదిలించుకున్న మనిషి కాబట్టే నా బాధ అంత విడమరిచి అడిగేవారు. ఇంకొకరికైతే అలా అడగాలని కూడా తోచదు."

ఆమె లోపలి గది వైపు చూసింది. వెళ్ళి ఆ తలుపు మెల్లగా దగ్గరికి వేసి వచ్చి, ఎదురుగా కూర్చుంది.

"మామయ్య గారు ఏదీ ముట్టి ఎరగరండీ" అంది.

"మరి?"

"తాగిందీ, కాల్చిందీ, పోయిందీ మా ఆయన."