రేపటి చరణం

కథ చివరి చరణం దగ్గరికి రాగానే లామ్ ఆంటీ ఎప్పటిలాగే చిడతలు పక్కన పెట్టేసింది. “మిగతాది టుమారో లా.”

పాడేవాళ్ళు కరువైన ఆ కాంటనీస్ కథాగానాన్ని మెషీన్‌కి నేర్పడానికి అమూల్య సింగపూర్‌లోని వన్-నార్త్ ల్యాబ్ నుంచి నెలల తరబడి బెడోక్‌లోని ఆంటీ ఫ్లాట్‌కి వస్తోంది. ముగింపు మాత్రం ఒక్కనాడూ దొరకలేదు.

అందుకే ఇవాళ సర్‌ప్రైజ్ తెచ్చింది. “ఆంటీ, ఇది వినండి.”

ఫోన్‌లో లామ్ ఆంటీ గొంతు చివరి చరణం అందుకుంది. మాటలు పాత పుస్తకంలో దొరికినవి. విరుపులు అచ్చం ఆమెవే. కథ ముగిసింది.

ఆంటీ తన తీగల వాద్యాన్ని ఒళ్ళోకి తీసుకుని, ఒక్కో తీగనూ వదులు చేయసాగింది.

“నచ్చలేదా ఆంటీ?”

“బాగుంది. మా టీచర్ కూడా చివరిదాకా ఒక్కసారే పాడారు. ముగింపు దాచుకుంటేనే పాడేవాళ్ళకి రేపు ఉంటుందనేవారు. మర్నాడు పొద్దున మేం ఎంత పిలిచినా లేవలేదు.”

అమూల్య గబుక్కున ఫోన్ పక్కన పెట్టేసింది. “అయ్యో, పాడింది మీరు కాదు కదా ఆంటీ! మెషీన్!”

ఆఖరి తీగ కూడా వదులైంది.

“వాయిస్ నాదే కదా, గర్ల్.”