తులసి నీళ్లు

చెడు కబురు దేన్నైనా తియ్యటి మాటగా మార్చి వినిపించే యంత్రం ఆ రోజుల్లో అందరి చెవుల్లోనూ ఉండేది. దాన్ని తీసేస్తే నేరం.

"డాక్టరుగారూ, మా వర్ధని బతుకుతుందా?" అని సుదర్శనం అడిగాడు.

డాక్టరు తల దించుకుని ఏదో అన్నాడు. "హాయిగా విశ్రాంతి తీసుకుంటున్నారు" అని వినిపించింది. సుదర్శనానికి గుండెదడ తగ్గింది. తగ్గినందుకే భయమేసింది. ఇంటికెళ్లి స్నానం చేసి రావచ్చో, పక్కనే ఉండాలో తేల్చుకోలేకపోయాడు.

అంతలో ఆయా నూకాలమ్మ వచ్చింది. "అమ్మగారు బంగారంలా ఉన్నారు బాబూ" అన్నట్టే వినిపించింది గానీ, ఆమె చెంపలు తడిగా ఉన్నాయి. అతని చేతిలో ఒక గ్లాసు పెట్టింది. నీళ్లలో తులసాకులు తేలుతున్నాయి.

సుదర్శనానికి అప్పుడు అర్థమైంది. ఆ నీళ్లు భార్య నోట్లో చెంచాతో పోస్తూ, "నన్నొదిలి పోకే వర్ధనీ" అన్నాడు. ఆ మాట ఆమె చెవిలో ఏమని మారిందో, నవ్వుతూ కళ్లు మూసుకుంది.