రెండంగుళాల లోతు

“మోకాళ్ళ మీద కూర్చుని, ఒంటి బరువంతా వేసి నొక్కారట. నిజమేనా?” హెడ్డాఫీసు నుంచి వచ్చిన విచారణాధికారి ఫిర్యాదులోంచి తలెత్తాడు.

“నిజమేనండి,” అంది రికార్డు గది గుమాస్తా.

“చొక్కా గుండీలు నాలుగు తెగాయి. ఛాతీలో రెండు చోట్ల విరిగింది. ఇదీ నష్టం.”

ఎదురుగా మేనేజరు వీపు వెనక దిండు పెట్టుకుని బిగుసుకుని కూర్చున్నాడు. రెండు నెలల సెలవు తర్వాత వచ్చి ఆ మహానుభావుడు మొట్టమొదట వెలగబెట్టిన పని ఈ ఫిర్యాదు రాయడం. రుజువైతే ఆమె ఉద్యోగం ఊడుతుంది.

ప్రథమ చికిత్స శిక్షణలో ఈయనగారి నిర్వాకం అందరూ చూసిందే. చొక్కా తొడిగిన రబ్బరు బొమ్మ ఛాతీని, పండు మగ్గిందో లేదో చూసినట్టు రెండు వేళ్ళతో తడిమి, ఫొటో దిగి, సర్టిఫికెట్టు పుచ్చుకుని వెళ్ళిపోయాడు. అదిప్పుడు ఆయన కుర్చీ వెనక గోడకి వేలాడుతోంది.

“ఎలా నొక్కారో చూపించండి,” అన్నాడు అధికారి.

గుమాస్తా మూలనున్న బొమ్మను నేలమీద పడుకోబెట్టింది. రొమ్ము నడిమధ్య అరచెయ్యి ఆనించి, దానిమీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా నొక్కింది. బొమ్మ టక్కుమంది. లోతు సరిపోతేనే అది టక్కుమంటుంది.

“రెండంగుళాలు దిగాలండి. మళ్ళీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. నిమిషానికి నూటికి తగ్గకూడదు, నూట ఇరవై దాటకూడదు.”

“మనకే పాఠాలు చెబుతోంది.” మేనేజరు నవ్వబోయి, పక్క పట్టుకుని ఆగిపోయాడు. “పదిమందిలో పరువు తీసింది. కాస్త మెల్లగా నొక్కితే ఈవిడ సొమ్మేం పోయింది?”

“మెల్లగా నొక్కితే నొక్కనట్టేనండి.”

“ఎంతసేపు నొక్కారు?” అడిగాడు అధికారి.

“పదకొండు నిమిషాలు.”

“ఎవరూ ఆపమనలేదా?”

“అందరూ అన్నారండి. లోపల పుటుక్కుమన్నప్పుడు క్యాషియరుగారు నా చెయ్యి పట్టుకుని లాగారు కూడా. విదిలించుకుని మళ్ళీ నొక్కాను.”

అధికారికి విసుగొచ్చింది. మేనేజరు వైపు తిరిగాడు.

“మీరూ అక్కడే ఉన్నారు కదా సార్. ఇంత పై అధికారి అయ్యుండి, ఆపమని ఒక్క మాట అనలేకపోయారా?”

మేనేజరు వీపు వెనక దిండు సర్దుకున్నాడు. జవాబు గుమాస్తాయే చెప్పింది.

“అప్పుడు ఆయన గుండె ఆగిపోయి ఉందండి.”