డివైడర్‌లో సందు

చెప్పుల కొట్టాయన గునపంతో ఒక్కటి ఇచ్చేసరికి మేస్త్రి నుదురు చిట్లింది. రోడ్డు మధ్య డివైడర్‌లో ఆ సందు పూడ్చడం ఇది మూడోసారి. పూడ్చినప్పుడల్లా పగలగొడుతున్నది ఈయనే.

"బేరాలన్నీ ఈ సందులోంచే వస్తాయి. నా నోట్లో మట్టి కొట్టమని ఎవడు చెప్పాడ్రా?"

"అర్జీ పెట్టింది మీ ఆవిడేనండీ. క్యారేజీ చల్లారితే మీరు ఊరుకోరని రోజూ ఈ లారీల మధ్యే పరిగెడుతోందట. గోడ కడితే, ఆలస్యమైనా చుట్టూ తిరిగొచ్చానని చెప్పుకోవచ్చంది."

ఎత్తిన గునపం గాల్లోనే ఆగింది. "నాతో ఒక్క మాటైనా అనలేదే."

మేస్త్రి కళ్లలోకి కారుతున్న రక్తం తుడుచుకున్నాడు. "ఎందుకనలేదో నాకిప్పుడు తెలిసిందిలెండి."

అవతలి వైపు క్యారేజీతో ఆవిడ నిలబడి ఉంది. లారీలు ఆగి దారిచ్చినా కదల్లేదు. ఆమె చూపు గునపం మీదే ఉంది.