మంగళవారం మనిషి

వరసగా నాలుగో మంగళవారం కూడా ఆ ముసలాయన వచ్చి కిటికీ పక్కన నిలబడ్డాడు.

మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తున్న గంగాధరకు ఒళ్లు మండింది.

ధర్మవరంలో నేతగాడికి దొంగల భయం బీరువా గురించి కాదు, చీర అంచు గురించి. కిందటేడు గంగాధర నెలల తరబడి కష్టపడి కట్టిన వేరుశనగ పూల అంచును ఎవరో చూసిపోయారు. నెల తిరక్కుండా అదే అంచు పవర్‌లూమ్ చీరల మీద సగం ధరకు బజారుకెక్కింది. ఈ కొత్త అంచు కూడా పోతే ఇక మగ్గం వదిలి కూలికి పోవలసిందే.

పైగా ఈ ముసలాయన మగ్గం వైపు నేరుగా చూసేవాడు కాదు. ముఖం వీధి వైపు పెట్టి, తల కొంచెం వంచి నిలబడేవాడు. దొంగచూపంటే ఇదేనని గంగాధర తేల్చేశాడు. ఎదురింటి అరుగు మీద కూర్చునే ముసలమ్మ కాపలా అని కూడా తేల్చేశాడు. మధ్యాహ్నం కాగానే ఆమె వచ్చి ఆయన చేయి పట్టుకుని స్టేషన్ వైపు తీసుకుపోయేది. ఈ వయసులో ఇదేం సరసమని భార్య రమాదేవితో అని నవ్వాడు.

ఆ రోజు మగ్గం ఆపి అడిగాడు.

"యాడనుంచి వస్తాండావు పెద్దాయనా?"

"హిందూపురం నుంచప్పా. నా పేరు రసూల్."

ఎందుకొస్తున్నాడో మాత్రం చెప్పలేదు. ఎడమ పక్క తాడు సడలింది, బిగించుకోమన్నాడు.

చూస్తే నిజంగానే సడలింది. అంత దూరం నుంచి తాడును కనిపెట్టినవాడికి అంచు ఒక లెక్కా అని గంగాధర అంచు మీద తువ్వాలు కప్పేశాడు.

మళ్లీ మంగళవారం ముసలాయన కిటికీ ఊచలు పట్టుకున్నాడు.

"ఒక్క తూరి ఆ మగ్గంలో కూర్చోనిస్తావా అప్పా? రెండు పోగులేసి లేస్తా."

ఆ గొంతులోని ఆశకు ఇంకొకరైతే కరిగిపోయేవారు. గంగాధర లేచి కిటికీ మూసేశాడు.

ఆ తర్వాత రెండు మంగళవారాలు మూసిన కిటికీ బయటే ఆయన నిలబడి వెళ్లాడని రమాదేవి చెప్పింది. లోపల ఉక్కపోతకు చొక్కా తడిసిపోతున్నా గంగాధర రెక్క తీయలేదు.

మూడో మంగళవారం ఎవరూ రాలేదు. పీడ విరగడైందని కిటికీ తెరిచాడు.

చీర పూర్తయింది. అంచు బాగుందని షావుకారు ఇంకో పది చీరలు చెప్పాడు. ఎండాకాలం పోయి వానలొచ్చాయి.

ఒక మంగళవారం ముసలమ్మ ఒక్కతే వచ్చింది.

పేరు జైతున్‌బీ అని చెప్పింది. ఆయన పోయాడట. భర్త పోయిన ఆడమనిషి గడప దాటకూడని నాలుగు నెలల పది రోజులూ నిన్నటితో ముగిశాయని, ఇవాళ మొదట ఇక్కడికే వచ్చానని చెప్పింది.

సంచిలోంచి, పోగుల మధ్య అటూ ఇటూ దారం లాగే పాత కొయ్య నాడె ఒకటి తీసింది. బొటనవేలు ఆనే చోట అది నున్నగా అరిగిపోయి ఉంది.

"ఇది ఈ మగ్గం నాడేనప్పా. దీన్నొక్కటే అమ్మకుండా దాచుకున్యాడు. ఇంక ఈడే ఉండనీ."

రెండేళ్ల కిందట బ్రోకరు చెబితే ఈ పాత మగ్గాన్ని హిందూపురం నుంచి తెప్పించుకున్నాడు గంగాధర. ఎవరిదని ఆనాడు అడగలేదు.

"మీదేనామ్మా ఇది? ఒక్క మాట చెప్పింటే కూర్చోబెట్టుకునేవాణ్ణి గదా."

"అమ్మిన మగ్గాన్ని నాది అనగూడదనేవాడు. కొన్నోళ్లకు అచ్చిరాదంట."

గంగాధర నాడెను రెండు చేతులా పట్టుకున్నాడు. ఆమె ముఖం చూడలేకపోయాడు.

"నా అంచు చూసి ఎత్తుకపోతాడేమోనని కిటికీ మూసినానమ్మా."

జైతున్‌బీ గొంతులో కోపం లేదు.

"చూపు పోయినాంకనే గదా నాయనా, ఈ మగ్గం అమ్ముకున్యాము."