ఆ ఒక్క దగ్గు

దగ్గు లేదు.

మేడమ్ వీడియోని మళ్ళీ వెనక్కి జరిపి, ఫోన్ చెవికి ఆనించుకుని వింది. పాతకాలపు స్టేజీ ప్రదర్శన అది. హాస్యనటుడు చేతిలో గొడుగు పట్టుకునే, గొడుగు పోయిందని ఫిర్యాదు ఇవ్వడానికి వస్తాడు. "ఎలా ఉంటుందయ్యా నీ గొడుగు?" అంటాడు గుమాస్తా. నటుడు చేతిలోది ఎత్తి చూపించి, "అచ్చం ఇలాగే ఉంటుందండీ, కాకపోతే..." అని ఆగుతాడు. హాలంతా ఊపిరి బిగబట్టుకుంటుంది. సరిగ్గా అప్పుడే జనంలో ఎవరో ఖళ్ళున దగ్గుతారు. అసలు మాట కాస్తా ఆ దగ్గులో కొట్టుకుపోతుంది.

ఇవాళ మాత్రం "కాకపోతే అది పోయింది" అన్న మాట గంట కొట్టినట్టు వినిపించింది. మేడమ్ ఫోన్ చెవి దగ్గర్నుంచి దించి చూసింది.

కింద ఛానెల్ నడిపే అతను సంబరంగా రాశాడు. "మిత్రులారా! ఇన్నాళ్ళూ మీరు తిట్టిన తిట్లు ఫలించాయి. కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చి ఆ దగ్గుని పీకేశాం. ఇక హాయిగా నవ్వుకోండి."

మేడమ్ కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరైంది. నోటి మీద వేలు పెట్టి జీవితమంతా గడిపేసింది కాబట్టి పిల్లలంతా ఆమెని 'నిశ్శబ్దం మేడమ్' అనేవాళ్ళు. ఇప్పుడు ఇంట్లో ఎవరినీ ఉష్ అనాల్సిన పని లేదు. అనడానికి మనిషంటూ ఉంటే కదా! పొద్దున్నే కాఫీ కలుపుకుని ఆ వీడియో కింద రాతలు చదువుకోవడమే ఆమెకి పేపరూ, కాలక్షేపమూ.

ఎంత సరదాగా ఉండేవో ఆ రాతలు! "ఈ దగ్గినవాడు దొరికితే సీసాడు మందు తాగిస్తా" అని ఒకడు. "మా ఇంట్లో అందరం డైలాగ్‌తో పాటు దగ్గు కూడా దగ్గుతాం" అని ఇంకొకామె. "నటుడి పేరు మర్చిపోయాను గానీ దగ్గుని మర్చిపోలేను" అని మరొకాయన. అన్నీ చదివి మేడమ్ తనలో తనే నవ్వుకునేది. తను మాత్రం ఎన్నడూ ఒక్క ముక్క రాసి ఎరగదు.

ఫోన్ మోగింది. చెల్లెలు.

"అక్కా, తిన్నావా?"

"ఆఁ. ఒసే, ఆ గొడుగు వీడియోలో దగ్గు తీసేశారే."

"పీడా పోయింది! అయినా ఆ గొడుగాయన మీద మోజు ఇంకా తీరలేదా నీకు? ఈ వయసులో!"

"అది కాదే..."

"మందులు వేసుకో. కుక్కర్ పెట్టాను, ఉంటా మరి."

ఫోన్ పెట్టేసింది. మేడమ్ కాసేపు ఆ గదిలోనే అటూ ఇటూ తిరిగింది. చెప్పుకునే మనిషి లేకపోవడం ఎంత కష్టమో ఆ పొద్దున ఆమెకి గట్టిగా తెలిసింది. చీర మార్చుకుని, ఛానెల్ పేజీలో ఉన్న అడ్రసు పట్టుకుని బయల్దేరింది.

అది పెళ్ళి వీడియోలు తీసే స్టూడియో. పాత క్యాసెట్ల గుట్టల మధ్య కూర్చున్న వీడియోగ్రాఫర్ ఆమెని చూస్తూనే లేచి నిలబడ్డాడు.

"మేడమ్! మీరా! లైబ్రరీలో పేజీ తిప్పిన చప్పుడైనా బయటికి పంపేసేవారు. రండి, కూర్చోండి."

"బాబూ, ఆ గొడుగు వీడియోలో దగ్గు మళ్ళీ పెట్టేయవా?"

అతను తెల్లబోయాడు. "దగ్గా? అది తియ్యడానికి నా తలప్రాణం తోకకొచ్చింది మేడమ్! జనం మెచ్చుకుంటున్నారు కూడానూ."

"మెచ్చుకుని వెళ్ళిపోతున్నారు. ఇదివరకటిలా మాట్లాడుకోవట్లేదు."

"నిజమే అనుకోండి. కానీ పాత ఫైలు చెరిపేశాను. అసలు క్యాసెట్ ఇచ్చినాయన సాయంత్రం పట్టుకుపోతాడు. మళ్ళీ మొదట్నుంచీ ఎక్కించాలంటే నా పనులన్నీ ఆగిపోతాయి."

"క్యాసెట్ ఇంకా ఇక్కడే ఉందా?" మేడమ్ ముందుకి వంగింది. "పోనీకు బాబూ. అది పోతే ఇంకెక్కడా లేదు."

వీడియోగ్రాఫర్ ఆమె వంక అప్పుడు సరిగ్గా చూశాడు. బ్యాగు పట్టీని వేళ్ళకి చుట్టుకుంటోంది. కళ్ళు చెమర్చి ఉన్నాయి.

"ఆ షోకి మీరు కూడా వెళ్ళారా?" అన్నాడు గొంతు తగ్గించి.

తలూపింది.

"ఆ దగ్గింది... మీ మనిషా మేడమ్?"

మేడమ్ చూపు క్యాసెట్ల గుట్ట మీదికి తిప్పుకుంది.

"అయ్యయ్యో! ముందే చెప్పొచ్చు కదా. పాపం, ఎన్ని మాటలన్నారో జనం! నేనూ అన్నాను." చటుక్కున క్యాసెట్ తీసి మెషీన్లో పెట్టాడు. "మీరు నిశ్చింతగా వెళ్ళండి. సాయంత్రంలోగా దగ్గు దాని చోట్లో ఉంటుంది."

ఆ జాలిని తట్టుకోలేక మేడమ్ తల దించుకుని మెట్లు దిగింది.

మర్నాడు పొద్దున కాఫీ కలుపుకుని ఫోన్ తెరిచింది. దగ్గు వచ్చేసింది. దాంతో పాటు జనమూ వచ్చేశారు. "హమ్మయ్య, మన దగ్గు మనకి దక్కింది!" "ఇది లేకపోతే ఉప్పు లేని కూరలా ఉందిరా బాబూ." "సీసాడు మందు తాగిస్తానన్నవాణ్ణి నేనే, మాట వెనక్కి తీసుకుంటున్నా." మేడమ్ ఒక్కొక్కటే చదువుకుంటూ, కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోలేదు.

అన్నిటికన్నా కింద ఎవరో కొత్తగా రాశారు. "అందరూ నవ్వడమే గానీ, పాపం ఆ దగ్గినాయనకి తర్వాత తగ్గిందో లేదో ఒక్కరైనా అడిగారా?"

మేడమ్ ఆ వాక్యాన్ని చాలాసేపు చూసింది. ఇన్నేళ్ళలో ఎవరూ అడగని మాట అది. కళ్ళద్దాలు తుడిచి పెట్టుకుని, మొట్టమొదటిసారి ఆ వీడియో కింద ఒక్కో అక్షరం వెతుక్కుంటూ జవాబు రాసింది.

"మర్నాటికల్లా తగ్గిపోయింది బాబూ, నాకు."