అలారం బతికే ఉందా?

ఈ రోజుల్లో ఇల్లంటే దాన్ని నడిపే వెబ్‌సైటే. తలుపు తాళం, పొయ్యి, పురిటికొచ్చిన మా అమ్మాయి నీలవేణి చేతిగాజు చెప్పే నాడి, అన్నీ దాంట్లోనే. సైటు పడిపోతే ఫోనులో అలారం మోగుతుందన్నారు. నెలైనా మోగలేదు. అంటే అంతా బాగుందనా, అలారమే చచ్చిందనా? నాకు అన్నం సయించలేదు. ఇక లాభం లేదని పొద్దున్నే సైటు నేనే ఆపేశాను.

నా ఫోను ఉలకలేదు, పలకలేదు. "చూశావుటే, రేపు నీకు నొప్పులొచ్చినా ఇంతే!" అని నేను ఏడుపు లంకించుకునేసరికి డాబా మీద ఎగిరే ఆటో దిగింది. అందులోంచి తెనాలి వియ్యపురాలు, సగం తలకే నూనె, చేతిలో దువ్వెన!

"వదినగారూ, పిల్లకేమైంది?"

నీలవేణి పగలబడి నవ్వింది. "అమ్మా, అలారం సైటులో రాసిన పేర్లలో మొదటి పేరుకే వెళ్తుంది. ఎవరిది రాశావ్?"

ఇంకెవరిది? మగపెళ్ళివారి పేరు వెనక రాస్తామా!

ముగ్గురం నవ్వలేక కూలబడ్డాం. "ఈసారి ముందు చెప్పి చెయ్యండి తల్లీ," అందావిడ కళ్ళు తుడుచుకుంటూ.

"ముందే చెబితే, మీరిలా పరిగెత్తుకొస్తారని నాకెలా తెలుస్తుంది వదినగారూ?"